పులుపు నేర్పిన పెద్దబాపు

"పెద్దబాపు పోయిండు బిడ్డ" అని ఫోన్‌లో చెప్పి, నాకింకా ఏడుపు రాకముందే మా బాపు, "వచ్చేటప్పుడు జర వాసన రాకుండ రా" అన్నాడు. అప్పటికి పొద్దున ఎనిమిదిన్నర. ఒక చప్పటి ఇడ్లీ తిని బస్సు కోసం నిలబడి ఉన్నాను. నేను చేసే పనేమిటో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదని తెలుసు. చావు కబురుతో కలిపి ఆ మాట అంటారని మాత్రం అనుకోలేదు.

ఆ పనేమిటో మీకు ముందే చెప్పేస్తాను. మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చదివాను. హైదరాబాద్ శివారులో ఒక చిన్న బ్రూవరీలో పుల్లటి బీరు రుచి చూసి మార్కులు వేస్తాను. అది బెల్జియంలో పాతకాలం నుంచి చేసే పద్ధతి. ఉడికించిన బార్లీ రసాన్ని వెడల్పాటి తొట్టిలో మూత లేకుండా చల్లారబెడతారు. ఈస్టు ఎవరూ కలపరు. గాలిలో ఉన్నదే వచ్చి పడుతుంది. తర్వాత చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి పులుస్తుంది. ఏ పీపా ఎంతవరకు వచ్చింది, దేన్ని దేనితో కలపాలి, దేన్ని పారబోయాలి అని నేను రాసిస్తాను. గుక్క తీసుకుని ఉమ్మేస్తాను. మానుకోటలో ఉండే మా మేనత్త దీనికి పెట్టిన పేరు 'బీరు తాగే కొలువు'.

పెద్దబాపు మా బాపుకి అన్న. రఘునాథపల్లి దగ్గర మా ఊళ్ళో నలభై ఏళ్ళు తాళ్ళెక్కి కల్లు గీశాడు. ఆయన కొడుకు భూపాలపల్లి బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. అందుకేనేమో, నేను సెలవులకు ఇంటికొస్తే నన్ను వెంటబెట్టుకుని తాటివనానికి పోయేవాడు. చెట్టు దిగి, ఒక్కో లొట్టి కుండ నుంచి నాలుగు చుక్కలు అరచేతిలో పోసుకునేవాడు. ముందు వాసన. తర్వాత నాలుక కొస. కళ్ళు మూసుకుని కాసేపు కదలకుండా నిలబడి, పక్కకు ఉమ్మేసి, "గిది చెరువు దిక్కు చెట్టుది. నీళ్ళెక్కువ తాగింది" అనేవాడు. లొట్టి మీద గుర్తేమీ ఉండేది కాదు. నేను ఒకసారి చుక్కలు మింగేశాను.

"ఉమ్మాలె బిడ్డ. మింగితె నాలుక అవద్దం చెప్తది."

కల్లు చూసే దాకా ఆయన జొన్న గట్క తప్ప ఏదీ ముట్టేవాడు కాదు. తొక్కు లేదు, ఉల్లిగడ్డ లేదు, బీడీ అసలే లేదు. పెద్దమ్మ గిన్నె ముందుపెడుతూ, "గీ చప్పిడి మొగడు నాకే దొరకాల్నా" అని రోజూ అనేది. ఆయన రోజూ నవ్వేవాడు. ఇవాళ్టికీ పీపా దగ్గరికి వెళ్ళే రోజున నేను చప్పటిదే తింటాను. అది ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకోలేదు.

పోయిన ఎండాకాలం ఒక పీపా నుంచి సీసాలోకి కొంచెం పట్టి ఆయనకు తీసుకెళ్ళాను. నాలుగు చుక్కలు అరచేతిలో పోసుకుని వాసన చూశాడు. పరీక్ష ఎవరిదో తెలియలేదు.

"వానకు తడిసిన గొంగడి" అన్నాడు చివరికి.

మా దగ్గర మార్కుల కాగితంలో ఆ వాసనకు గుర్రం మీద కప్పే దుప్పటి అని రాసి ఉంటుంది. నేను గుర్రాన్ని దగ్గరగా చూసింది పెళ్ళి ఊరేగింపులోనే. ఆ రోజు నుంచి గొంగడి అనే రాస్తున్నాను. బ్రూవరీ నడిపే మా సార్ మొదట నవ్వాడు. ఇప్పుడు ఆయనా అదే రాస్తాడు.

"ఎన్నొద్దులు పెట్టిన్రే దీన్ని?"

"మూడేండ్లు పెద్దబాపు."

"మూడేండ్లా! మా కల్లు మూడు పూటలాగదు. గంత ఓపికుంటె నేను సాధువునైతుంటి గద."

ఇక నా తప్పు సంగతి. కొన్ని నెలల కింద ఒక పీపాలో బీరు చిక్కబడింది. గ్లాసు వంచితే బెండకాయ జిగురులా తీగ సాగింది. మా తాటివనంలో తీగ సాగిన కల్లును ఎవరూ రెండోసారి చూడరు. పారబోసి లొట్టి మారుస్తారు. నేనూ రెండోసారి చూడలేదు. 'పారబోయాలి' అని రాసి సంతకం పెట్టాను. పీపా ఖాళీ అయిన వారానికి సార్‌కు ఆ పనిలో అనుభవమున్న మనిషెవరో చెప్పారు: ఈ రకం బీరు మధ్యలో ఒకసారి జిగురెక్కుతుంది, కొన్ని నెలలు ఓపిక పడితే లోపలి ఈస్టే ఆ జిగురును తినేసి బాగుచేస్తుందని. సార్ నన్ను ఏమీ అనలేదు. అనకపోవడమే నిద్ర లేకుండా చేసింది. ఇంతలో రెండో పీపా కూడా జిగురెక్కింది.

ఊరికొచ్చి పెద్దబాపు దగ్గర కూర్చుని అంతా చెప్పాను.

"ముక్కేమన్నది?" అని అడిగాడు.

"ముక్కుకు మంచిగనే ఉండె. తీగ జూసి భయపడ్డ."

"నేను జెప్పింది కల్లు సంగతి బిడ్డ. గది వేరే జీవి. దాని తీరు దాన్నే అడుగాలె, నన్ను గాదు."

నలభై ఏళ్ళ పనిలో తనకు తెలియని చోటు ఇదీ అని అంత తేలిగ్గా చెప్పిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. తిరిగి వెళ్ళి, రెండో పీపాను ముట్టొద్దని సార్‌ను అడిగాను. ఆగుదామన్నాడు. ఈ గురువారం దాన్ని తెరవాలి. అమ్మకానికి మొదటిసారి సీసాల్లోకి పోయే బీరులో అది కలుస్తుందో లేదో నేను చెప్పాలి. నా ఉద్యోగం నిలిచేదీ లేనిదీ ఆ కాగితంతోనే తేలుతుంది.

ఈలోగా పెద్దబాపు పోయాడు. గుండెనొప్పి. జనగామ దవాఖాన చేరేలోపే అయిపోయింది.

ఇంటికొచ్చినప్పటి నుంచి నా నాలుక మీద నాకు నమ్మకం పోయింది. చావింట్లో ఎవరూ చూడకుండా మజ్జిగ చుక్క నాలుక మీద వేసుకుంటున్నాను. పులుపు తగులుతుంది. ఎంత పులుపో తెలియదు. చింతపండు పెట్టుకున్నాను. అదీ అంతే. ఏడ్చి ముక్కు మూసుకుపోయిందని సర్దిచెప్పుకుంటాను, మళ్ళీ ఇంకో చుక్క వేసుకుంటాను.

మూడో రోజు పిట్టకు పెట్టాం. అన్నం, కోడికూర, మోదుగాకు దొప్పలో కల్లు. పిట్ట ముడితే పోయినవాళ్ళ మనసు నెమ్మదించినట్టు. మేమంతా దూరంగా జరిగాం. ఒక్క కాకీ రాలేదు. ఎండ ఎక్కింది. మేనత్త నా వైపు తిరిగింది.

"అన్న మనసుల నీ రందే ఉన్నది. గా కొలువు ఇడిసిపెడ్త అను. పిట్ట ముడ్తది."

"ఆయనెన్నడు ఇడువుమనలే అత్తమ్మ."

"సచ్చినోడు నోరిప్పి జెప్తడా? అను!"

బాపు తల దించుకునే, "ఒక్కమాట అను బిడ్డ. మాటే గద" అన్నాడు. పెద్దమ్మ అయినా ఏమైనా అంటుందేమోనని చూశాను. ఆమె నన్ను చూడలేదు, ఆకాశం వైపు చూస్తూ ఉంది. అనడం ఎంత సులువో ఆ క్షణంలో తెలిసింది. నేను అనలేదు.

ఎంతసేపయిందో చెప్పలేను. గోడ మీదికి ఒక కాకి వచ్చింది. దిగి, అన్నం రెండుసార్లు పొడిచింది. ఎవరో అరిచారు, మేనత్త ఏడ్చింది. కాకి లేస్తూ దొప్ప అంచును తన్నింది. దొప్ప ఒరిగి కల్లు మట్టిలోకి ఇంకిపోయింది. తెల్లటి నురుగు మాత్రం కాసేపు నేల మీద అలాగే నిలిచింది, సన్నగా చిటపటలాడుతూ.

ఇవాళ మంగళవారం. గురువారం పొద్దున జనగామలో రైలెక్కుతాను. రెండో పీపా తెరిచి, రుచి చూసి, నాకు తోచింది రాసి సంతకం పెడతాను. పెద్దబాపు పదకొండో రోజు దినానికి మళ్ళీ వస్తాను. ఉద్యోగం మానను.