ఆఖరి పడవ తాడు

ఆ పొద్దున పల్లంరాజు గిన్నెలో చింతపండు నానబెట్టాడు, చేపల పులుసు పెడదామని. అంతలో గోదావరి లంక మీదికి ఎక్కేసింది.

మధ్యాహ్నానికి ఆయన లేడు.

కాకినాడ కాలేజీలో పాఠం చెబుతున్న అశ్వినికి ఫోను వచ్చింది. పల్లంరాజు ఆమెకు సొంత బాబాయి. తండ్రి పోయాక పెంచి చదివించినవాడు. ఫోను పెట్టేసి, బోర్డు మీద సగంలో ఆగిన వాక్యాన్ని ఆమె పూర్తి చేసింది. ఎందుకు చేసిందో ఆమెకే తెలియలేదు.

వరదలో జనం పడవ ఎక్కేటప్పుడు గట్టు మీద ఒకరు తాడు బిగపట్టాలి. లేకపోతే ప్రవాహం పడవను తిప్పేస్తుంది. అందరూ ఎక్కాక తాడు పట్టినవాడు దూకి ఎక్కుతాడు. లంకలో మగవాళ్ళు ఆ పని వంతులవారీగా చేస్తారు. ఆఖరి పడవకు పల్లంరాజు పట్టాడు. కాళ్ళ దగ్గర గట్టు బీటలిచ్చింది. అప్పుడే దూకేస్తే బతికేవాడు. కానీ ముసలి మరిడమ్మ కాలు ఇంకా నీళ్ళలోనే ఉంది. ఆమెను లోపలికి లాగేదాకా పట్టి, “పోండి!” అని తాడు వదిలేశాడట. పడవ కదిలింది. గట్టు తెగింది.

అశ్వినికి వేసవిలో జరిగిన వాదన పదేపదే గుర్తొచ్చింది. రేవులో పాతకాలపు వీరుడి రాయి ఒకటుంది. శత్రువులు తరుముకొస్తే, ఊరంతా ఏరు దాటేదాకా ఆయన ఒక్కడే అడ్డం నిలబడ్డాడని చెప్పుకుంటారు.

“అంతమందికి ఒక్కడు ఎదురెళ్ళడం ఏంటి బాబాయ్, మొండితనం కాకపోతే!”

“లెక్చరర్ గారండీ, ఆడు కదిలితే పడవలు దాటేవా? అదీ లెక్కే కదా.”

“అయితే పంతం లేదంటావా?”

“ఎందుకుండదమ్మలూ? ఉత్త లెక్కతో ఎవడి కాళ్ళు నిలబడతాయి?”

“ఆయనే ఎందుకు? ఇంకోడు నిలబడొచ్చుగా?”

“ఆ ఇంకోడు అప్పటికే పడవెక్కేసుంటాడు!” అని పడీపడీ నవ్వాడు.

ఇప్పుడు అందరూ ఆయన్ని దేవుడంటున్నారు. అశ్వినికి ఒళ్ళు మండింది. పడవలో అంతమంది మగాళ్ళుండగా, ఆ వయసులో ఆయనే ఎందుకు పట్టాలి?

పెద్దకార్యం నాడు, ఆ ఆఖరి పడవలోనే బయటపడ్డ జాలరి శ్యాంబాబు భార్య ఆమెను పెరట్లోకి పిలిచింది.

“ఆ వంతు మా ఆయనదండి. పట్టుకోబోతే మీ బాబాయిగారు తాడు లాగేసుకున్నారు. ‘పడవెక్కరా సన్నాసీ’ అని తిట్టారండి.”

“ఎందుకు?”

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. చిన్నప్పటి నుంచీ ఏట్లో చేపలు వేటాడుతున్న శ్యాంబాబుకి ఈత రాదు. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు. పల్లంరాజుకి మాత్రం ఎప్పటి నుంచో తెలుసు.