నోరు మూసుకునే ఉద్యోగం

ఆ రోజుల్లో మా వైపు సర్కారువారు ఏదైనా కట్టడం మొదలుపెడితే, అది పూర్తయ్యేది కళ్లారా చూస్తామన్న ఆశ పెద్దవాళ్లెవరూ పెట్టుకునేవారు కాదు. పునాది తీసిన నాడు పుట్టిన పిల్ల, గోడలు కిటికీల ఎత్తుకొచ్చేసరికి ఓణీ వేసుకునేది. అలాగని ఎవరికీ కోపం కూడా ఉండేది కాదు. వాన రాకపోతే ఆకాశం వైపు చూసినట్టు ఆ మొండిగోడల వైపు ఓసారి చూసి, ఎవరి పనికి వాళ్లు పోయేవారు. అరవైల చివర్లో, ఇదంతా ఎందుకిలా జరుగుతోందో కనిపెట్టి బాగుచేద్దామని ఒక ఆచార్యులవారు మా శ్రీకాకుళంలో బస్సు దిగారు. మెడలో తాడుకి స్టాప్ వాచీ వేలాడుతుండేది కనక ఆయన్ని గడియారం మాస్టారు అనుకునేవాళ్లం. (ఆయన లేనప్పుడు.) ఒకే నమూనాలో కడుతున్న రెండు బడులు ఎంచుకోవడం, చెరో చోట ఓ మనిషిని కూర్చోబెట్టడం, పని ఎప్పుడు సాగింది, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అని నిమిషాల వారీగా ఫారాల మీద రాయించడం, ఇదీ ఆయన పరిశోధన. ఆ ఇద్దరిలో ఒకణ్ని నేను. అప్పటికి నాకు ఇరవయ్యేళ్లు, కాలేజీ అయిపోయింది, నాన్న కిరాణా కొట్లో చింతపండు బుట్టల మధ్య నా పీట నాకోసం కాచుకుని ఉంది. ఆ పీట తప్పించుకోవడానికి దొరికిన ఏకైక దారి ఈ ఉద్యోగం. మూడు నెలలు సరిగ్గా చేస్తే మాస్టారు తన దగ్గరే స్థిరంగా ఉంచుకుంటానన్నారు.

షరతు ఒక్కటే. "నువ్వక్కడ నోరు విప్పకూడదు. నువ్వు మాట్లాడితే పని మారిపోతుంది. మారిపోయిన పనిని కొలిచి ఏం లాభం? అక్కడ నువ్వొక గోడవనుకో," అన్నారు మాస్టారు. (గోడే ఇంకా లేవలేదు కదండీ, అందామనుకున్నాను. అనలేదు. మొదటి విజయం.) "మూడు నెలలు మౌనంగా ఉండాలి," అని మళ్లీ అన్నారు. "రెండున్నర చేసుకోండి సార్," అంది నా నోరు, నన్నడక్కుండానే. ఆయన కళ్లజోడు తీసి నన్ను చూసి, నవ్వేసి, ఉద్యోగం ఇచ్చేశారు. ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ వక్క కొరుకుతూ, "నువ్వు నోరు మూసుకుంతావేటిరా? కడుపులో ఉన్నప్పుడే మీ అమ్మతో బేరం ఆడినోడివి. తొమ్మిది నెలలకి రమ్మంటే ఎనిమిదికే వచ్చినావు," అంది.

నా బడి నౌపడ పక్కన, ఉప్పు మడులకి కూతవేటు దూరంలో. ఒక తాటాకు పందిరి కింద స్టూలు వేసుకుని, స్టాప్ వాచీ, ఫారాలు, గొడుగు పెట్టుకుని కూర్చున్నాను. మేస్త్రిని అందరూ బొంగరం మావ అనేవారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ స్థలం చుట్టూ తిరుగుతూనే ఉండేవాడు, ఎక్కడికీ చేరేవాడు కాదు. కూలీ ఆడవాళ్లకి నాయకురాలు పెద్దప్ప. ఇసక తోలేవాణ్ని బండి బావ అనేవారు. మొదటి వారం నా ఫారాల్లో ఏముందో చెప్పనా? పని: గంట. నిరీక్షణ: ఏడు గంటలు. కారణం: ఇసక రాలేదు. మర్నాడు: కారణం, ఇసక రాలేదు. ఆ మర్నాడు పైన రాసినట్టే. బొంగరం మావ నా పక్కనుంచి తిరుగుతూ వెళ్లిన ప్రతిసారీ, "ఏటి రాస్తన్నావు బాబూ?" అనేవాడు. నేను పెదాలు బిగబట్టి కూర్చునేవాణ్ని. మూడోనాటికి, "పాపం, మూగోడే," అని పెద్దప్ప మధ్యాహ్నం నాకు రెండు చేపముక్కలు పెట్టించబోయింది. (కోమట్ల పిల్లాణ్ని, చేప ముట్టనని నోటితో చెప్పలేక చేతులూపాను. రెండూ చాలవంటున్నాననుకుని మూడో ముక్క తెచ్చింది.)

తొమ్మిదో నాడు ఇసక వచ్చింది. ఎండలో మిలమిల మెరుస్తూ, సన్నగా, ముచ్చటగా ఉంది. అంత ముచ్చటగా ఉండకూడదని మా వంశంలో ఎవరికైనా తెలుస్తుంది. మా కొట్లోకి బస్తా వస్తే నాన్న ముందు పిడికెడు తీసి, ఒక చిటిక నాలిక మీద వేసుకుంటాడు. బెల్లమైనా, మిరపకాయైనా, ఆఖరికి బట్టల సబ్బైనా సరే. నా చెయ్యి కూడా ఆయన చెయ్యే కదా. నేను వద్దంటున్నా వెళ్లి, బండిలోంచి ఒక చిటిక తీసి నా నోట్లో వేసేసింది. వేశాక ఊయాలి. ఊశాక మాట్లాడాలి. "ఇది ఇసకా, ఉప్పా? ఈ సరుకుతో గోడ కడితే ఏడాది తిరక్కుండా ఉప్పు పూసి సున్నమంతా రాలిపోతుంది. బండి తిప్పు," అన్నాను.

బొంగరం మావ తిరగడం ఆపేశాడు. పెద్దప్ప తట్ట కింద పెట్టింది. "ఓలమ్మో, గుంటడికి మాటొచ్చినాది," అంది.

బండి బావ తాపీగా చుట్ట వెలిగించి, "మంచినీటి గెడ్డ రెండు కోసులు. ఉప్పుటేరు ఇక్కడే. నీకు కావాలంటే నువ్వే ఎల్లి తెచ్చుకో," అన్నాడు. మొదలైంది. రోజుకి మూడు బళ్లు గెడ్డ ఇసక, అంటే మంచినీటి వాగు ఇసక, కావాలన్నాను నేను. వారానికి ఒకటి అన్నాడు వాడు. మా ఇంటి విద్యల్లో పెద్ద అస్త్రం ఒకటుంది. బేరం కుదరకపోతే విసురుగా వెనుదిరిగి నడిచిపోవడం. నాలుగడుగులు వేసేలోపు వెనకనుంచి పిలుపు రావాలి, వస్తుంది. నేను నాలుగు వేశాను. ఎనిమిది వేశాను. రైలు గేటు దాకా పోయాను. ఎవరూ పిలవలేదు. గేటు దగ్గర కాసేపు వచ్చేపోయే బళ్లని చూస్తున్నట్టు నిలబడి, ఇక లాభం లేక, గొడుగు మరిచిపోయిన మొహం పెట్టుకుని వెనక్కొచ్చాను.

"గొడుగు నీ సంకలోనే ఉన్నాది గదా బాబూ," అంది పెద్దప్ప. "కూకో. ఆడి బాధ దూరం గురించి కాదు. ఎద్దుల గురించి."

అడిగితే తెలిసింది. బండి ఎప్పుడొస్తుందో తెలీదు కనక దించే ఆడవాళ్లు ఎండెక్కాక వచ్చేవారు. దించేవాళ్లు లేరు కనక ఎద్దులు మిట్టమధ్యాహ్నం దాకా కాడి కింద నిలబడేవి. అందుకే వాడు ఎప్పుడోగానీ బండి కట్టేవాడు కాదు. "నా ఎద్దులు మాడిపోతంటే మీ బడి నాకేల?" అన్నాడు బండి బావ, మొదటిసారి గొంతు తగ్గించి. తొమ్మిది రోజులు స్టాప్ వాచీ పట్టుకుని కూర్చున్న నాకు ఈ ముక్క తెలియలేదు. అవతలివాడికి ఏం కావాలో కనుక్కోవడం బేరంలో మొదటి పాఠం, అదే మరిచిపోయాను. ఇక అరగంట పట్టలేదు. బండి తెల్లారేసరికి రావాలి, పెద్దప్ప మనుషులు అప్పటికే తట్టలతో నిలబడాలి, ఎద్దులు చల్లపొద్దున ఇల్లు చేరాలి. రోజుకి రెండు బళ్లు. రుచి చూడందే ఒక్క తట్ట దించకూడదు. "రుసి నాను సూస్తాను," అంది పెద్దప్ప. "నీకొదిలితే బండంతా నువ్వే తినీసీలా గున్నావు."

ఆ తర్వాత ఏమని చెప్పను. వారంలో కిటికీలు, మూడు వారాల్లో లింటెళ్లు. సాకులన్నీ పోయేసరికి బొంగరం మావ పాపం గోడ కట్టడం తప్ప గతిలేనివాడయ్యాడు, కట్టాక తనే ఆశ్చర్యపోయి గోడని తట్టి చూసుకునేవాడు. నా ఆనందానికి హద్దు లేదు. తెల్లవారుజామున లేచి బండి గంటల చప్పుడుకి ఎదురెళ్లేవాణ్ని. సున్నం గానుగ వాడితో బేరం, తలుపుల వడ్రంగితో బేరం, ఆఖరికి మబ్బుతో కూడా, శ్లాబు పడేదాకా ఆగమని. ఫారంలో మాత్రం ప్రతి వారం ఒకే ముక్క. కారణం: ఇసక వేళకి వచ్చింది. (అబద్ధం కాదు.) రెండో బడి దగ్గర కూర్చున్నవాడు నిజంగానే నోరు విప్పనివాడు. వాడి బడి పునాది దాటలేదు. మాస్టారి నుంచి ఉత్తరం వచ్చింది: "అద్భుతం. కారణం తెలుసుకోవడానికి నేనే వస్తున్నాను."

కళ్ల ముందు చింతపండు బుట్టలు. అందరినీ పోగుచేసి, నేను మాట్లాడే మనిషినని చెప్పొద్దని బతిమాలాను. "నీ పేరెత్తితే ఒట్టు," అన్నారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. మాస్టారు పొద్దున్నే వచ్చి పని ఇంత త్వరగా ఎలా సాగిందని అడిగితే, బొంగరం మావ ఆయన చుట్టూ రెండుసార్లు తిరిగి, "దేవుడి దయ," అన్నాడు. పెద్దప్ప ఆకాశం చూసింది. మాస్టారు పెన్ను మూసేసి వెళ్లిపోబోతున్నారు. సరిగ్గా అప్పుడు రెండో బండి వచ్చింది. బండి ఆగీ ఆగగానే పెద్దప్ప, ఆవిడ వెనక పదిమంది ఆడవాళ్లు, వాళ్ల వెనక బొంగరం మావ వరసకట్టి, తలా ఒక చిటిక ఇసక నోట్లో వేసుకుని, చప్పరించి, పక్కకి ఊసి, తలలూపారు. చివర్న బండి బావ తన సరుకు తనే రుచి చూసి గర్వంగా మీసం తుడుచుకున్నాడు.

మాస్టారి చేతిలోంచి కాగితాలు జారాయి. "ఏమిటిది?" అన్నారు.

"ఉప్పు నేదు బాబూ," అంది పెద్దప్ప. "మీరూ సూడండి. ఈ బాబే నేర్పినాడు." అని నావైపు చెయ్యి చూపించి, అప్పుడు గుర్తొచ్చి ఆ చేతినే నోటికి అడ్డం పెట్టుకుంది.

మాస్టారు ఒక చిటిక నోట్లో వేసుకున్నారు. చాలాసేపు చప్పరించారు. "ఎన్ని రోజులు మౌనంగా ఉన్నావు?" అన్నారు.

"తొమ్మిది సార్."

"ఈ బడిని పరిశోధనలోంచి తీసెయ్యాలి," అన్నారు ఆయన నిట్టూర్చి. "నేను కొలుద్దామనుకున్న పని ఇది కాదు." అంటే ఆ పరిశోధన మొత్తంలో వేళకి పూర్తయ్యే కట్టడం ఏదో, అది మాత్రం అందులో ఉండదు. "పోనీ, అడుగున చిన్న అక్షరాల్లో వెయ్యండి సార్," అన్నాను. ఆయన పగలబడి నవ్వి, కుదరదన్నారు. ఉద్యోగం కూడా కుదరదన్నారు. బస్సెక్కే ముందు మాత్రం, ఆ ఇసక కాస్త కావాలని అడిగారు. పాత ఫారం చింపి, మా కొట్టు పద్ధతిలో పొట్లం కట్టి ఇచ్చాను. శ్లాబు పడేదాకా జీతం లేకుండానే ఉండి, ఇల్లు చేరాను. "ఎన్నాళ్లు మూసుకున్నావు?" అంది నాయనమ్మ. చెప్పాను. "నాను నాలుగనుకున్నాను. పరవానేదు," అని పీట తుడిచి వేసింది.

మొన్న ఆమధ్య నౌపడ మీదుగా పోతూ ఆ బడి దగ్గర దిగాను. సెలవులు, పిల్లల్లేరు. గోడలు నున్నగా ఉన్నాయి. చుట్టూ చూసి, వేలితో గోడని రాసి నాలిక మీద పెట్టుకున్నాను. "ఏటి తాతా, గోడ నాకుతన్నావు?" అని కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు. "ఉప్పు లేదురా," అన్నాను. వాడు నన్ను జాలిగా చూసి, నీడలో కూర్చోబెట్టి, లోటాతో నీళ్లిచ్చాడు. తాగుతూ ఆ ఇరవయ్యేళ్ల వాణ్ని తలుచుకున్నాను. వాణ్ని మళ్లీ ఆ స్టూలు మీద కూర్చోబెట్టి, నోరు మూసుకుంటే జీవితమే మారిపోతుందని చెప్పినా, మహా అయితే పదో రోజు దాకా ఆగుతాడేమో. అదీ నేను గట్టిగా బేరమాడితే.