టర్నరు చేతిలో ఊలు దారం

1974 జూన్‌లో పటాన్‌చెరు దగ్గర నీటి పంపులు తయారుచేసే ఒక కర్మాగారంలో నాకు టర్నరుగా ఉద్యోగం వచ్చింది. అంతకు ముందు విజయవాడలో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి. ఇక్కడ హెవీ మెషిన్ షాపులో, ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే పెద్ద లేత్ యంత్రం ఒకటి అప్పగించారు. నా పైన చార్జ్‌మన్, ఆయన పైన ఫోర్‌మన్. నాకు జతగా యాదగిరి అని, కర్దనూరు నుంచి సైకిలు మీద వచ్చే మనిషి ఉండేవాడు. నా ఈడువాడే, ఇద్దరు పిల్లల తండ్రి. పటాన్‌చెరులో ఒక ఇంటి వెనక భాగం కిరాయికి తీసుకుని, భార్య సుభద్రనూ ఆరేళ్ల కూతురు రమనూ తెచ్చుకున్నాను. ముందు భాగంలో ఇంటావిడ ఖైరున్నీసా బేగం ఉండేవారు. వీధిలో అందరికీ ఆవిడ ఖాలా, అంటే పిన్ని.

మా పనిలో ఒక సంగతి ముందే చెప్పాలి. పంపు మధ్యలో ఇరుసు తిరిగే రంధ్రాన్ని బోరు అంటాము. దాన్ని లేత్ మీద లోపలి నుంచి చెక్కుతూ, కొలత సరిపోయిందో లేదో ఇన్‌సైడ్ కాలిపర్‌తో చూస్తాము. అది రెండు కాళ్ల పరికరం. దాని మీద అంకెలు ఉండవు. కాళ్ల కొనలు బోరు గోడలను తాకీ తాకనట్టు రాసుకుంటూ జరగాలి. ఆ రాపిడి ఎంత ఉండాలో బొటనవేలూ చూపుడువేలూ చెప్పాలి. దాన్ని మేము 'ఫీల్' అనేవాళ్లం. అది చేతిలో ఉన్నవాడు టర్నరు, లేనివాడు లేత్ తిప్పే మనిషి.

చేరిన రెండో ఏడు ఎండాకాలంలో ప్రమాదం జరిగింది. ఒక బరువైన పోత ముక్కను లేత్ మీద బిగిస్తుండగా, ఎత్తిన గొలుసు కొద్దిగా జారి ముక్క ఒరిగింది. నా కుడిచేతి వేళ్లు దాని కింద పడ్డాయి. యాదగిరి పక్కనున్న గడ్డపార అందుకుని ఆ బరువును ఒక్కడే లేపి పట్టాడు. "చెయ్యి గుంజుకో అన్నా, నేను పట్టిన" అన్నాడు. ఎంతసేపు పట్టగలిగేవాడో నాకు తెలియదు. ఇంకొకరు వచ్చే లోపల చేయి బయటికి వచ్చింది.

నగరంలో ఆసుపత్రిలో ఎముకలు అతికాయి, పుండ్లు మానాయి. కానీ చూపుడువేలూ బొటనవేలూ మొద్దుబారిపోయాయి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా సుభద్రే కావాలి. డ్యూటీలో చేరినప్పుడు కర్మాగారం డాక్టరు లైట్ డ్యూటీ రాశారు. నన్ను టూల్ స్టోరులో వేశారు. కిటికీ దగ్గర కూర్చుని అడిగినవాళ్లకు పనిముట్లు ఇవ్వడం, సాయంత్రం తీసుకుని సర్దడం, అంతే పని. ఫోర్‌మన్ మంచివాడే. బోరు ఫీల్ వచ్చిన రోజు లేత్ ఇస్తాననీ, అది రాకపోతే స్టోరులోనే ఖాయం చేయిస్తాననీ నెమ్మదిగా చెప్పాడు. ఉద్యోగం పోదు కదా అని నాకు ధైర్యం చెప్పాననుకున్నాడు. నాకు మాత్రం కిటికీ అవతల నా లేత్ వేరేవాడి చేతిలో తిరగడం కనిపించేది.

ఆ నెలల్లో ఇంట్లో నేను మాట తగ్గించాను. అంతకు ముందు సెలవు రోజున ముగ్గురం బస్సెక్కి సంగారెడ్డి వెళ్లి ఊరంతా తిరిగి, మిర్చి బజ్జీలు తిని వచ్చేవాళ్లం. అది మానేశాను. రమ అడిగితే చేయి నొప్పి అనేవాణ్ణి. చేతికీ బస్సుకూ సంబంధం ఏమిటని అది వాళ్లమ్మను అడిగేదట.

వానలు మొదలయ్యాయి. ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఖాలా వరండాలో సుభద్ర ఊలు అల్లిక నేర్చుకుంటోంది. చలికాలానికి రమకు స్వెట్టరు అల్లాలని దాని పట్టుదల. కొత్త ఊలు చిలుపను, అంటే పొడుగాటి వదులు చుట్టను, ఉండలా చుట్టాలంటే ఎవరైనా రెండు చేతులూ చాచి దాన్ని పట్టుకోవాలి. రమ పట్టుకుంటే చిక్కులు పడ్డాయి. ఖాలా నన్ను కేకేశారు.

"ఖాళీగనే ఉన్నవ్ గదా బేటా, ఇట్ల రా. జెర చేతులు పట్టు."

చేతులు చాచి కూర్చున్నాను. సుభద్ర చుడుతోంది, దారం నా వేళ్ల మీదుగా మెత్తగా జారిపోతోంది. కొంతసేపటికి చూపుడువేలు పక్కన సన్నగా జివ్వుమంది. ఇంకోసారి చూద్దామని కదలకుండా ఉన్నాను. మళ్లీ అనిపించింది. చిలుప అయిపోతే ఇంకొకటి ఉందా అని అడిగాను. సుభద్ర నా ముఖంలోకి చూసింది.

"ఏమండీ, తెలుస్తోందా?" అంది.

తెలుస్తోందన్నాను. ఖాలా రెండు సూదులు నా చేతిలో పెట్టారు.

"మిషన్ నడిపెటోనివి, ఈ రెండు పుల్లలు నడపరాదా? చూడు, ఒకటి సీదా, ఒకటి ఉల్టా. గంతే."

అంతే కాదని వెంటనే తెలిసింది. ఊలు అల్లికలో దారాన్ని కుడి చూపుడువేలి మీదుగా వదులుతూ పోవాలి. వేలు బిగిస్తే అల్లిక గట్టిపడి సూది దూరదు. వదిలేస్తే జల్లెడలా వస్తుంది. ఎంత బిగించాలో చూసి తెలుసుకోలేము, వేలికే తెలియాలి. నాకు అది వింత అనిపించలేదు. ఏళ్ల తరబడి ఇనుముతో చేసిన పనే ఇది. కాకపోతే ఇక్కడ తప్పు చేస్తే విప్పి మళ్లీ అల్లుకోవచ్చు. ఇనుము ఒకసారి ఎక్కువ చెక్కితే ఇక అంతే.

మొదట్లో నేను అల్లినదంతా విప్పడానికే సరిపోయేది. రోజూ డ్యూటీ నుంచి వచ్చి టీ తాగి వరండాలో కూర్చునేవాణ్ణి. ఒక పక్క ఖాలా, ఇంకో పక్క సుభద్ర, కింద చాప మీద రమ ఎక్కాలు చదువుతూ మా ఫందాలు లెక్కపెట్టేది. సూది మీద ఉండే ఉచ్చును ఖాలా ఫందా అనేవారు, మేమూ అదే మాట పట్టుకున్నాం. సుభద్ర మాటల్లో పడి ఫందాలు జార్చేది. నేను జార్చేవాణ్ణి కాను. కొన్నాళ్లకు ఖాలా స్వెట్టరును సుభద్ర ఒళ్లోంచి తీసి నా ఒళ్లో వేశారు. "నువ్వు వంట చేస్కో బిడ్డా, ఇది ఆయనకు ఇడిచిపెట్టు" అన్నారు. సుభద్ర నాలుగు రోజులు ఆ మాట తలుచుకుని నవ్వుతూనే ఉంది. నేనూ నవ్వాను. అలా నవ్వి చాలా నెలలైందని దానికి గుర్తుంది, నాకు లేదు.

ఒకనాడు యాదగిరి పెసరకాయల మూటతో వచ్చి, గేటు దగ్గరే ఆగిపోయాడు.

"గిదేంది అన్నా, గిట్ల షురూ చేసినవ్?"

"వేళ్లకు పని" అన్నాను.

కాసేపు నిలబడి చూశాడు. "మా ఇంట్లదానికి చెప్పకు. సూసిందంటే నన్ను గూడ కూసోబెడ్తది" అని తనూ చాప మీద కూర్చుని పెసరకాయలు వలిచి రమకు పెట్టడం మొదలుపెట్టాడు. మర్నాటికి షాపంతా తెలిసిపోయింది. స్టోరు కిటికీ దగ్గరికి వచ్చిన ప్రతివాడూ స్పానరుతో పాటు ఒక మఫ్లరు కూడా అడిగేవాడు. ఇద్దరు ముగ్గురు నిజంగానే అడిగారు.

రమ స్వెట్టరు చలికి ముందే పూర్తయింది. మొదట అల్లిన చేయి బిగుతుగా, తర్వాత అల్లిన చేయి సరిగ్గా వచ్చాయి. విప్పి మళ్లీ అల్లుతానంటే రమ ఒప్పుకోలేదు. "మా నాన్న అల్లాడు" అని బడిలో అందరికీ రెండు చేతులూ చాచి చూపించిందట.

గుండీలు నేనే పెట్టుకుంటున్నానని సుభద్ర గమనించిన రోజునే ఫోర్‌మన్ దగ్గరికి వెళ్లి లేత్ అడిగాను. ఆయన ఒక ఇత్తడి బుష్, అంటే ఇరుసుకు తొడిగే గొట్టం ముక్క, ఇచ్చి బోరు చేయమన్నాడు. చెడిపోయినా నష్టం లేని ముక్క. చార్జ్‌మన్ పక్కన నిలబడ్డాడు. యాదగిరి తన పని వదిలి, పని ఉన్నట్టు నటిస్తూ అక్కడే తిరిగాడు. కొంచెం కొంచెంగా చెక్కుతూ, ప్రతిసారీ లేత్ ఆపి కాలిపర్ దించి చూశాను. వేళ్లకు మొదట ఏమీ తెలియలేదు.  కాలిపర్ తీసి, చేయి తుడుచుకుని, ఊలు దారం పట్టినంత తేలిగ్గా మళ్లీ పట్టాను. అప్పుడు కొన రాసుకోవడం తెలిసింది. మరో సన్నని పొర తీసి ఆపాను.

తనిఖీకి ప్లగ్ గేజ్ వాడతారు. దానికి రెండు చివరలు. ఒకటి బోరులో దిగాలి, రెండోది దిగకూడదు. ఇన్‌స్పెక్టరు మొదటి చివర పెట్టాడు, తన బరువుకే దిగింది. రెండోది పెట్టాడు, అంచు మీదే ఆగింది. ఫోర్‌మన్ గేజ్ తీసుకుని తనూ చూసి, సోమవారం నుంచి లేత్ మీదికి రమ్మన్నాడు. యాదగిరి నా భుజం మీద ఒకటి గట్టిగా వేసి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం అందరం కలిసి తిన్నాం. ఖాలా బగారా అన్నం పంపారు, సుభద్ర గుత్తి వంకాయ చేసింది. యాదగిరి భార్యనూ పిల్లలనూ తల్లినీ తీసుకుని కర్దనూరు నుంచి వచ్చాడు. అతని కోసం అల్లిన నీలం స్వెట్టరు ఆరోజు ఇచ్చాను. ఆ గడ్డపార లేకపోతే నాకు ఈ చేయి లేదని అందరి ముందూ చెప్పాను. అతను సిగ్గుపడుతూనే దాన్ని తొడుక్కుని, అన్నం తింటున్నంతసేపూ ఆ మధ్యాహ్నపు ఉక్కలో కూడా విప్పలేదు. వాళ్లమ్మ దాన్ని తడిమి చూసి సుభద్రను మెచ్చుకుంది. "మంచిగ అల్లినవ్ బిడ్డా" అంది. సుభద్ర నన్ను చూపించింది. ఆవిడ నమ్మలేదు. నేను సూదులు తెచ్చి రెండు వరుసలు అల్లి చూపించాక, కొడుకు వైపు తిరిగి "నువ్వేం నేర్సినవ్ రా?" అని అడిగింది. ఆ నవ్వుల్లో యాదగిరి భార్య చేతిలోని గరిటె కింద పడింది. తర్వాతి సెలవుకు మేము ముగ్గురం సంగారెడ్డి బస్సెక్కాం.

తర్వాత నేనూ చార్జ్‌మన్‌నయ్యాను, ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. గాయం మానడం వేరు, చేయి తిరిగి రావడం వేరు అని ఆ ఏడు నేర్చుకున్నాను. మొదటిది డాక్టరు పని. రెండోదానికి వేళ్లకు ఇష్టమైన పని కావాలి, తప్పు చేస్తే విప్పుకునే వీలుండాలి, పక్కన నలుగురు మనుషులుండాలి. అందుకే నా షాపులో దెబ్బ తగిలి తిరిగి వచ్చినవాణ్ణి ఎన్నడూ స్టోరు కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చోబెట్టలేదు. అందరి మధ్యన ఒక బల్ల వేయించి, చెడిపోయినా ఫర్వాలేని ముక్కలు ముందు పెట్టేవాణ్ణి.