కరెంటుకి లేని గేటు ఓబులేసన్నకి ఎందుకప్పా?

నిన్న పొద్దున భూటాన్ నుంచి ఫోన్. ఓబులేసన్న పోయినాడని చెప్తే, రాంగ్ నంబర్ అప్పా అని పెట్టేసినా.

మళ్లీ చేసినారు.

సొరంగంలోకి ఉన్నట్టుండి నీళ్లు తన్నుకొచ్చినాయంట.

మా యాడికి ఊర్లో అన్నా నేనూ ఒకే బోరు బండి మీద పని చేసినాం. ఈడ బోర్లన్నీ ఫెయిల్ అవుతాంటే, ఆడ భూటాన్‌లో పెద్ద నది మీద రెండు దేశాలు కలిసి కరెంటు ప్రాజెక్టు కడతాండాయి, డ్రిల్లింగ్ తెలిసినోళ్లు కావాలంటే అన్న పోయినాడు.

పోయిన కొత్తల్లో ఒకసారి బండలో నుంచి నీళ్లు చిమ్మినాయంట. అందరూ బయటికి పరుగు. మనోడు మాత్రం బూట్లు ఇడిసి, దోసిలి పట్టి, గంగమ్మ తల్లీ పడినావా అని మొక్కుతా నిలబడినాడంట. సూపర్‌వైజర్ కాలర్ పట్టి ఈడ్చుకొచ్చినాడు.

ఇది చెప్తా అన్న ఫోన్‌లో ఒకటే నవ్వు. "ఏం చేద్దామప్పా, నీళ్లు పడితే మొక్కేదే గాని పారిపోయేది మనకి ఎవురు నేర్పించినారు?"

నిన్నటి నుంచి ఆ మాటే చెవుల్లో ఉండాది.

ఇంక అసలు విషయం. అన్న శవం బార్డర్ గేట్ కాడ వ్యాన్‌లో ఉండాది. కదల్లే. యాక్సిడెంట్ అయింది ఆ దేశంలో, వాళ్లే తేల్చాల అని ఈ పక్క కాంట్రాక్టర్ మనుషులు. మనిషి మీవాడు, మీరే చూసుకోండి అని ఆ పక్కోళ్లు.

ఏమప్పా, పని మొదలుపెట్టిన దినం రెండు జెండాలు కట్టి, దండలేసుకోని, చేతులు కలిపి ఫోటోలు దిగితిరి కదా? ఆ స్నేహం ఫ్లెక్సీ ముందర మా అన్న గూడా సెల్ఫీ దిగి మా గ్రూపులో పెట్టినాడే. ఆ చేతులు ఇప్పుడు యాడ పోయినాయి?

రేపు ప్రాజెక్టు అయిపోతే కరెంటు తీగ మీద ఈ పక్కకి వస్తాది. దాన్ని గేట్ కాడ ఎవురైనా ఆపుతారా? దానికోసం ప్రాణం ఇచ్చినోన్ని ఆపుతారా? సిగ్గుండాల.

RIPలు పెట్టద్దండి. తెలిసిన లీడర్లకి ఫోన్ చేయండి. ఆ వ్యాన్ కదలాల.

మా వదిన వాకిట్లోనే కూర్చోనుండాది. మీ అన్న ఎప్పుడొస్తాడు అని ఒకటే మాట. ఏం చెప్పాల నేను?

ఈ పొద్దు వీధిలోకి ట్యాంకర్ వచ్చింది. ఎవురూ కొట్లాడలే. వదిన వాళ్ల డ్రమ్ము నిండినాకే మిగతావాళ్లు బిందెలు పెట్టినారు. అన్నకి స్నానం చేయించే నీళ్లవి. వదిన మూత పెట్టి ఎవురినీ ముట్టనియ్యలేదు.

నీళ్లు పట్టి పెట్టినాం అన్నా. ఇంటికి రా.

మన మట్టిలో నెమ్మదిగా పండుకుందువు.