సాంచాల షెడ్డులో గుసగుస

ఆదిలాబాద్‌లో పత్తి మిల్లు ఎదురుగా ఉన్న పాత కాగితాల దుకాణంలో ఆ నవల దొరికినప్పుడు నేను ఎగిరిన ఎగురుకు మహారాష్ట్రలో పడవలసింది. తూకం కాటా పట్టుకుని ఆగాను. నేను దేవుడిలా కొలిచే నవలాకారుడి మొట్టమొదటి పుస్తకం అది.

ఇప్పుడాయన రాస్తే వాక్యం కొడవలిలా కోస్తుంది. ఇందులోనో, ఇంటికొచ్చే బస్సులో చదువుతుంటే, నిర్మల్‌లో మొదలైన వాక్యం జగిత్యాల దాటినా ముగియలేదు. కథానాయిక ఏడిస్తే కడెం ప్రాజెక్టు గేట్లన్నీ ఎత్తాల్సిందే. ఇక కథానాయకుడు, సాంచాలు, అవే మరమగ్గాలు, దడదడలాడే షెడ్డులో, ఈ చివర నిలబడి ఆ చివరి అమ్మాయికి గుసగుసగా ప్రేమ చెబుతాడు. ఆమె అంతా విని సిగ్గుపడుతుంది. రాసినాయన సిరిసిల్లలో ఆ షెడ్డుల్లోనే పెరిగినవాడు మరి.

సంతోషం పట్టలేక ఆయనకే ఫోన్ చేశాను. తెల్లారేసరికి కరీంనగర్‌లో మా ఇంట్లో ఉన్నారు.

"తమ్మీ, లోకంల గదొక్కటే మిగిలింది. ఇటియ్యి, పొయ్యిల పెడ్త."

దేవుడికి కాదనలేను, పుస్తకం ఇవ్వలేను. అది అప్పటికే మా ఆవిడ చేతిలో ఉంది. ఆమెదీ సాంచాలు నడిపిన ఇల్లే.

"జర ఆగన్నా, ఇంక కొంచెమే ఉన్నది. గని గా షెడ్డుల గీ గుసగుస ఆమెకెట్ల ఇనబడ్డది? మా బాపు చాయ్ కావాల్నంటె బొటనవేలు చూపెట్టేటోడు."

"నాకు తెల్వదా చెల్లె. మా బాపుయి గూడ సైగలే. అవ్వతోని ఏం చెప్పేటోడో నాకెన్నడు సమజ్ గాలే. గందుకే గట్ల రాసుకున్న."

మా ఆవిడ పేజీ తిప్పింది. కాసేపటికి కిసుక్కుమంది.

"ఏడ నవ్వినవ్?"

"పిలగాడు సాంచె మీదికెక్కి పాట పాడుతుండు."

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. ఇక ఇద్దరూ కలిసి చదవడం, దేవుడి పొట్ట భూకంపంలా కదలడం. పప్పు గిన్నె పట్టుకుని నేను ద్వారపాలకుడిలా నిలబడ్డాను.

అయిపోయాక ఆయన పెన్ను అడిగారు. సంతకం చేస్తారని నా ఛాతీ పత్తి బస్తాలా ఉబ్బింది. ఆయన గుసగుస ఉన్న పేజీ తెరిచి ఆ వాక్యాలు కొట్టేయబోయారు. మా ఆవిడ పుస్తకం లాక్కుంది.

"దిద్దుతె ఇయ్య. పొయ్యిల పెట్టనియ్య. మా చెల్లెండ్లు గూడ సదవాలె."

"ఎంతమంది?"

"ఐదుగురు. అందరు షెడ్డులనే పెరిగిండ్రు."

ఆయన పెన్నుకు మూత పెట్టారు.

"సరే, ఉంచుకో. గని గా పాట ఉత్తగ సదవొద్దని చెప్పు వాళ్లకు. రాగం తియ్యాలె."