జక్రయ్య బాబాయి ఆమేన్

మా జక్రయ్య బాబాయికి ప్రార్థన మొదలుపెట్టడం వచ్చు, ముగించడం రాదు. ఆయన కళ్ళు మూసుకునేటప్పుడు వడ్డించిన అన్నం పొగలు కక్కుతుంటుంది. ఆమేన్ అనేసరికి పులుసు మీద నూనె పేరుకుంటుంది. ప్రార్థనకి ఆయన లేచాక ఎసరు పెట్టుకున్నా ఆలస్యం కాదని దర్శి దగ్గర మా ఊళ్ళో ఆడవాళ్ళు చెప్పుకుంటారు.

దేవుడికి ఏమీ తెలియనట్టు అన్నీ వివరంగా విన్నవిస్తాడు. పత్తికి పురుగు పట్టిందంటే ఏ గట్టు పక్కన ఏ చేలో పట్టిందో చెప్పాల్సిందే. కొండమ్మ గేదె ఈనిందంటే అది పెయ్యదూడ అని కూడా చెప్పాల్సిందే. ఒకసారి ఇక చాలన్నట్టు పాస్టరుగారు మెల్లగా దగ్గారు. బాబాయి కళ్ళు తెరవకుండానే, "ప్రభువా, మా అయ్యగారి దగ్గు సంగతి కూడా" అని ఇంకో పావుగంట సాగదీశాడు.

ముప్పై ఏళ్ళు జిన్నింగు మిల్లులో పీల్చిన పత్తి నుసి చివరికి ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. భుజానికి ఆక్సిజన్ యంత్రం, ముక్కుకి గొట్టం వచ్చాయి. ఇక ప్రార్థనలు పొట్టివవుతాయని ఊరంతా అనుకుంది. అనుకున్నందుకు సిగ్గు కూడా పడింది. అవి పొట్టివి కాలేదు. మాటమాటకీ ఆగి ఊపిరి తీసుకోవడంతో ఇంకా పొడుగయ్యాయి.

పోయిన ఫిబ్రవరిలో ఢిల్లీ నుంచి ఫోను వచ్చింది. అక్కడ నర్సుగా చేసి రిటైరైన లిడియా అత్త, బాబాయికి ఒక్కగానొక్క చెల్లెలు, మంచం పట్టింది. గుక్కెడు నీళ్ళు తప్ప ఏమీ దిగడం లేదట, అన్నయ్యని చూడాలంటోందట. రైల్లో రోజంతా కూర్చునే ఓపిక ఆయనకి లేదు. విమానం వాళ్ళేమో డాక్టరు సంతకం కావాలన్నారు; సిలిండరు కుదరదు, యంత్రమైతే సరే, కానీ ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు నడిచే బ్యాటరీలు చేతిసంచిలో ఉండాలన్నారు. కాగితాలకే రెండు రోజులు పోయాయి. ఉన్న రెండు బ్యాటరీలు ప్రయాణానికి సరిపోతాయి గానీ ప్రార్థనలకి సరిపోవు. ఢిల్లీ దాకా మనసులోనే చేసుకో బాబాయ్ అని దణ్ణం పెట్టాను. సరేనన్నాడు.

గన్నవరంలో తనిఖీ దగ్గర మా ముందున్న రహిమున్నీసా అనే ఆవిణ్ణి ఆపేశారు. కూతురి పురుడుకి ఆవిడా ఢిల్లీకే వెళ్తోందట. చేతిసంచి తెరిస్తే రెండు కిలోల గుంటూరు కారం. లోపలికి వీల్లేదన్నారు. "మా అమ్మాయికి అక్కడి కారం కారమే కాదయ్యా" అని ఆవిడ బతిమాలింది. చివరికి దాన్ని కింద సామానులో వేసి రమ్మని వెనక్కి పంపారు.

గేటు దగ్గర మా కాగితం ఇంకోసారి చూడాలని మమ్మల్ని పక్కన కూర్చోబెట్టారు. అందరూ ఎక్కేశాక సరేనన్నారు. జ్యోతిర్మయి అని పేరు బిళ్ళ పెట్టుకున్న అమ్మాయి చక్రాల కుర్చీ దగ్గరికొచ్చి, "రండి తాతగారూ, మీ వెనకే తలుపు మూసేస్తాం" అంది.

"ఒక్క మాట ప్రార్థన చేసుకుందామమ్మా" అని బాబాయి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. నేను బ్యాటరీ వైపు చూశాను.

పైలట్ కోసం చేశాడు. పైలట్‌ని కన్నతల్లి కోసం చేశాడు. రెక్కల కోసం, ఇంజన్ల కోసం, విమానం తుడిచిన వాళ్ళ కోసం చేశాడు. మైకులో రహిమున్నీసా పేరు ఆఖరిసారి పిలిచారు. జ్యోతిర్మయి గడియారం చూసుకుంటోంది గానీ, ముక్కున గొట్టంతో ప్రార్థిస్తున్న ముసలాయన్ని మధ్యలో ఆపమని ఆ అమ్మాయికి ఎవరూ నేర్పినట్టు లేదు. బ్యాటరీ మీద నాలుగు దీపాల్లో ఒకటి ఆరింది. ఆయన పెదాలు నీలం తిరుగుతున్నాయి.

భుజం పట్టి కుదిపాను. "బాబాయ్, అక్కడ అత్త ఎదురుచూస్తోంది."

ఒక్క కన్ను తెరిచాడు. నా వైపు కాదు, నా భుజం మీదుగా వెనక దారి వైపు చూసి మళ్ళీ మూసుకున్నాడు. "ప్రభువా, దీని చక్రాలు ఆరు. అందులో మొదటి చక్రాన్ని..."

వెనక అడుగుల చప్పుడు. చెప్పులు చేత పట్టుకుని రహిమున్నీసా పరుగెత్తుకొస్తోంది.

"ఆమేన్" అన్నాడు బాబాయి.

సీట్లో కూర్చోబెట్టి ఊపిరి కుదుటపడ్డాక అడిగాను, ఇదేం పని అని. ఆయన మెల్లగా అన్నాడు: "అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు వస్తే, ఆలస్యంగా వచ్చారని ఎవరికీ తెలీదు కదరా మార్కూ."

అప్పుడు గుర్తొచ్చింది. మిరపకోతల రోజుల్లో మా ఆడకూలీలు చీకటి పడ్డాక, మండే చేతులు కొంగుకి తుడుచుకుంటూ ప్రార్థన కూటానికొచ్చేవాళ్ళు. వాళ్ళంతా చాప మీద సర్దుకున్నాకే బాబాయి నోట ఆమేన్ వచ్చేది. ఇరవై ఏళ్ళు నేను గడియారం చూశాను గానీ గుమ్మం వైపు చూడలేదు.

విమానం కదిలేలోపు ఢిల్లీ నుంచి అత్త కొడుకు ఆదాం ఫోను చేశాడు. అమ్మకి బాగోలేదని, పాస్టరుగారొచ్చి ప్రార్థన చేస్తున్నారని ఏడుస్తున్నాడు. బాబాయి ఫోను లాక్కున్నాడు.

"నేనొచ్చేదాకా ఆమేన్ అనొద్దని చెప్పరా."

పక్క సీట్లో రహిమున్నీసా అంతా వింటూ దోసిలి పట్టి కూర్చుంది. "ఆమీన్" అనేసి, వెంటనే నాలుక కరుచుకుంది.

"మీది వేరే లెక్కలే చెల్లెమ్మా" అన్నాడు బాబాయి.

సాయంత్రం మేం వెళ్ళేసరికి ఆ గదిలో అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. పాపం పాస్టరుగారి గొంతు బొంగురుపోయింది. ఒక్క లిడియా అత్త మాత్రం కళ్ళు తెరిచి గుమ్మం వైపే చూస్తోంది. అన్నయ్యని చూసి, చప్పుడు చెయ్యకుండా వచ్చి కూర్చోమన్నట్టు పెదాల మీద వేలు పెట్టుకుంది.