నిమజ్జనానికి స్లిప్పు లేదు

చాయ్ చల్లారనియ్యకుండ్రి, తాగుకుంట ఇనుండ్రి. ముందే ఒక మాట చెప్త, నవ్వేటోళ్లు ఇప్పుడే నవ్వుకోండ్రి. మా కాలనీల నన్ను ఇప్పుడు ఎవ్వరూ మల్లేశం అంటలేరు. 'దేవుణ్ణి స్క్రాప్‌ల రాసినోడు' అంటున్నరు. మొన్న కూరగాయలామె గూడ టమాటలు తూకమేసుకుంట అడిగింది, "అన్నా, గది నువ్వేనటగా?" అని. "నేనే" అన్న. ఇగ ఏమంట?

అసలు నాకు ఈ చదువు ఎందుకు చెప్పుండ్రి, నలభై మూడేండ్లొచ్చినంక? పటాన్‌చెరుల కెమికల్ కంపెనీ స్టోర్స్‌ల పద్దెనిమిదేండ్ల సంది చేస్తున్న. ఒక వారం పొద్దుగాల షిఫ్ట్, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. డ్రమ్ములు దొర్లిచ్చుడు, బస్తాలు లెక్కవెట్టుడు. నడుము పోయింది. నిద్ర అంతకుముందే పోయింది. ఇంట్ల నేను మేల్కొని ఉన్ననో పండుకున్ననో మా ఇంటామె సుజాతకే సమజైతలేదు. ఒకనాడు అన్నం పెట్టి, "తింటున్నవా, పంటున్నవా?" అని అడిగింది. నేను రెండూ చేస్తున్న అప్పుడు.

గట్ల ఉన్న మనిషిని హెచ్‌ఆర్ మేడం పిలిచింది. "మల్లేశం, అకౌంట్స్‌లో ఒక పోస్టు ఖాళీ అవుతోంది. జనరల్ షిఫ్ట్. అకౌంటింగ్ బేసిక్స్ సర్టిఫికెట్ కావాలి, ఆన్‌లైన్‌ది అయినా ఫర్వాలేదు. మూడు నెలల్లో తెస్తే నీ పేరు పెడతాను" అన్నది.

అకౌంట్స్ సెక్షన్ అంటే ఏంది అనుకున్నరు? ఏసీ రూం. తిరిగే కుర్చీలు. ఎండకాలంల గూడ స్వెట్టర్ ఏసుకునే మేడం ఒకామె ఉంటది ఆడ. పొద్దుగాల తొమ్మిదికి పోయి, పొద్దుమీకంగ ఇంటికొచ్చి, రాత్రి అందరి లెక్క పండుకోవచ్చు. నాకు గంతే కావాలె. ప్రమోషన్ గిట్ల వద్దు, పండుకుంటే చాలు.

చేరిన. ఆన్‌లైన్ కాలేజీ, రెండు నెలల కోర్సు. కంపెనీ బస్సుల పోయేటప్పుడు ఒక వీడియో, వచ్చేటప్పుడు ఒక వీడియో. వీడియోల సార్ మంచిగ తల దువ్వుకొని, నిద్ర సరిపోయిన మొఖంతోని చెప్తడు. "డెబిట్ అంటే ఎడమ పక్క, క్రెడిట్ అంటే కుడి పక్క. ఎందుకు అని అడగకండి, ముందు రాయండి" అన్నడు. నాకు నచ్చిండు. ఎందుకు అని అడగకుండనే పద్దెనిమిదేండ్లు చేసినోణ్ణి నేను.

ఒక్క పాఠం మాత్రం గుండెకు తాకింది. తరుగుదల. డిప్రిసియేషన్. "యంత్రం కొన్న దినం నుంచి అరుగుతూనే ఉంటుంది. ఆ అరుగుదలకి ఏటా లెక్క రాయాలి. రాయకపోతే అబద్ధం రాసినట్టే" అన్నడు సార్. బస్సుల కూసోని ఇంటున్న, కండ్లల్ల నీళ్లొచ్చినయ్. నేను గూడ అరుగుతున్న గదా! ఎవడన్న నా పేరు మీద ఒక్క గీత గీసిండా? పక్క సీట్ల ఒడిశా ఆపరేటర్ చూసి పరేషాన్ అయిండు. "క్యా హువా భాయ్? ఘర్ మే సబ్ ఠీక్?" అన్నడు. "డిప్రిసియేషన్, భాయ్" అన్న. పాపం, బస్సు దిగేదాక నా భుజం మీద చెయ్యి తియ్యలే.

క్విజ్‌లు గిట్ల పాసైన. ఆఖరుకు ప్రాజెక్ట్ వచ్చింది. లాభం కోసం నడవని నిజమైన సంఘం ఒకటి చూసుకోవాలె. దాని లెక్కలు పద్ధతి ప్రకారం రాయాలె. ఆ సంఘం ప్రెసిడెంట్ సంతకం పెట్టిచ్చి అప్‌లోడ్ చెయ్యాలె. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు లింక్ బంద్. తప్పితే మళ్ల ఆరు నెలలకు. ఆరు నెలలకు ఆ కుర్చీల ఇంకెవడో తిరుగుతుంటడు.

మనకు ఎరుకైన సంఘం ఏదున్నది? మా కాలనీ గణేష్ కమిటీ. దాని లెక్కల పుస్తకం భాస్కరరావు సార్ దగ్గర ఉంటది. సార్‌ది గుంటూరు దిక్కు. ప్రభుత్వ ఫ్యాక్టరీల నౌకరీకొచ్చి ఇక్కడనే ఇల్లు కట్టుకున్నడు, రిటైరయిండు. ముత్యాల లాంటి అక్షరాలు. నేను అడగంగనే, "చదువుకుంటున్నావా! ఈ వయసులో! శభాష్ నాయనా" అని పుస్తకం చేతుల పెట్టిండు.

శనివారం పొద్దుగాల షిఫ్ట్ దిగి, ఇంటికొచ్చి, మొఖం కడుక్కొని కూసున్న. చందాలు, షామియానా, కరెంటు, డప్పులోళ్లు, అన్నీ సక్కగ ఎక్కినయ్. పోయినేటి విగ్రహం కాడ ఆగిపోయిన.

మా స్టోర్స్‌ల ఒక రూల్ ఉన్నది. లోపలికొచ్చిన సరుకు రాక్‌ల ఉండాలె. లేకుంటే బయటికి పోయినట్టు స్లిప్పు ఉండాలె. రెండూ లేవంటే స్క్రాప్ నోట్ రాసి పుస్తకంలకెల్లి తీసెయ్యాలె. మూడో దారి లేదు. పద్దెనిమిదేండ్లల్ల నా దిమాక్‌ల ఇంకేం మిగల్లేదు, ఇదొక్కటే మిగిలింది. విగ్రహం ఇరవై రెండు వేలకు లోపలికొచ్చింది. ఇప్పుడున్నదా? లేదు. స్లిప్పున్నదా? లేదు. కలం ఇంగ్లీషుల దానంతటదే ఉరికింది. 'విగ్రహం, ఒకటి, స్క్రాప్ కింద తీసివేత. స్క్రాప్ విలువ నిల్.'

ఇగ లడ్డూ. నిమజ్జనం నాడు లడ్డూ వేలం అయితది గదా. పాడుకున్నాయన లడ్డూ అప్పుడే ఇంటికి తీస్కపోతడు, పైసలు మళ్ల పండుగ లోపల ఇస్తడు. గది రివాజు. మధ్యల ఎవ్వలూ అడగరు, అడిగితే మర్యాద గాదు. పోయినేడు పాడింది అంజిరెడ్డి పటేల్, యాభై ఒక్క వేలకు. లక్డారం దిక్కు భూములున్న మనిషి, కమిటీ ప్రెసిడెంట్ గూడ ఆయననే. పండుగ ఇంకో పదిహేను దినాలే ఉన్నది, పైసలు ఇంకా రాలేదు. వీడియోల సార్ ఏం చెప్పిండు? ఆరు నెలలు దాటిన బాకీ వస్తదో రాదో తెలియదు, సగం అనుమానం కింద రాయమన్నడు. రాసిన.

రాసి, ఎడమ పక్క కూడిన. కుడి పక్క కూడిన. సమానం! నా జిందగీల మొదటిసారి రెండు పక్కలు ఒక్కటైనయ్. సుజాతను పిలిచి చూపెట్టిన. "మంచిగుంది గానీ, పో, పండుకో" అన్నది. భాస్కరరావు సార్‌కు ఫోన్ల పంపి పండుకున్న. ఎవ్వరు చదువుతరు, ఏమనుకుంటరు అన్న సోయి లేదు నాకు.

ఆదివారం మూడు గంటలకు మీటింగ్, భాస్కరరావు సార్ వాళ్ల కారు షెడ్డుల. ఈ ఏటి పండుగ గురించి మాట్లాడాలె. ఇరవై మంది వచ్చిండ్రు, ఆడోళ్లతో సహా. నడుమ కుర్చీల పటేల్. మీటింగ్ అయినంక మెల్లగ సంతకం తీస్కుందామని నేను వెనక నిలబడ్డ. భాస్కరరావు సార్ లేచిండు. చేతుల ప్రింట్లు.

"మన కమిటీ చరిత్రలో మొట్టమొదటిసారిగా బ్యాలెన్స్ షీటు తయారైంది! మన మల్లేశం కష్టపడి చేశాడు. నేనింకా చూడలేదు, అందరితో కలిసి చూద్దామని ఆగాను. ఇంగ్లీషులో ఉంది, నేను తెలుగులో చెబుతాను" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. పటేల్ గూడ వెనక్కి తిరిగి నన్ను చూసి తల ఊపిండు. సుజాత కొంగు సర్దుకున్నది. నా ఛాతీ జెర ఉబ్బింది, అబద్ధమెందుకు.

"టార్పాలిన్లు రెండు, మైకు సెట్టు ఒకటి" అని గట్టిగ చదువుతున్నడు. "విగ్రహం ఒకటి, ఇరవై రెండు వేలు. అనగా... తుక్కు కింద కొట్టివేయడమైనది. తుక్కు విలువ... సున్నా."

సుజాత లెంపలేసుకున్నది. ఆమెను చూసి ఆడోళ్లందరు లెంపలేసుకున్నరు.

"ఏమిటయ్యా ఇది?" అన్నడు సార్.

"సార్, లోపలికొచ్చింది. ఇప్పుడు లేదు."

"నిమజ్జనం చేశాం కదయ్యా!"

"నిమజ్జనానికి స్లిప్పు లేదు సార్."

ఎందుకన్ననో నాకు తెల్వది. నోట్లకెల్లి వచ్చేసింది. అప్పుడన్న ఆ కాయితం మడిచి జేబుల పెట్టుకోవద్దా సార్? పెట్టుకోడు! ప్రభుత్వ ఫ్యాక్టరీల ముప్పై ఏండ్లు మీటింగ్‌లు నడిపిన మనిషి, మొదలుపెట్టిన కాయితం ఆఖరుదాక చదవాల్సిందే. నేను వెనకనుంచి చేతులు ఊపుతున్న, వద్దు సార్ వద్దు అని. ఆయన కండ్లద్దాలు సర్దుకొని మళ్ల షురూ చేసిండు.

"మనకు రావలసిన బాకీలు. శ్రీ అంజిరెడ్డి గారు, లడ్డూ వేలం, యాభై ఒక్క వేలు. ఇందులో వసూలు కావడం అనుమానం అని తగ్గించినది..." ఆయన గొంతు తగ్గుకుంట తగ్గుకుంట పోయింది. ఆఖరు ముక్క గొణిగిండు. అయినా అందరికీ ఇనవడ్డది.

పటేల్ లేచి నిలబడ్డడు. మొఖం ఎర్రగైంది. "ఏందిరా మల్లేశం? నేను పైసలు ఎగ్గొడ్తనని రాసినవా?"

"లేదు పటేలా! సగమే ఎగ్గొడ్తరని రాసిన!"

ఆయన్ని సముదాయిస్తున్న అనుకున్న నేను, దేవుని తోడు. పటేల్ చెప్పులేసుకొని ఎల్లిపోయిండు. టైం చూస్తే నాలుగుంబావు. ఆయన సంతకం లేకుంటే ప్రాజెక్ట్ లేదు. ప్రాజెక్ట్ లేకుంటే కుర్చీ లేదు, నిద్ర లేదు. నేను ఆ షెడ్డుల కారు పక్కన కిందనే కూలవడ్డ. ఏడుపొచ్చింది నిజంగ. దేవుణ్ణి తీసేసి, ప్రెసిడెంట్‌ను దొంగను చేసి, పద్దెనిమిదేండ్లకు ఒక్కసారొచ్చిన ఛాన్స్ నా చేతులతోనే బర్బాద్ చేసుకున్న.

"కూసుంటే సంతకం నడుచుకుంట వస్తదా? పో, పటేల్ కాళ్లన్న పట్టుకో!" అన్నది సుజాత. లేద్దామంటే నడుము పట్టేసింది. ఇద్దరు పట్టుకొని లేపుతుంటే, గేటు చప్పుడైంది. పటేలే. చేతుల ఎరువుల దుకాణం కవర్. భాస్కరరావు సార్ ముందటి టేబుల్ మీద దాన్ని బోర్లించిండు. నోట్లు.

"లెక్కవెట్టుండ్రి. యాభై ఒక్క వేలు. సగం గాదు, పూరా! ఒరేయ్, కలం తియ్యి. నీ అనుమానం కొట్టెయ్యి. నా కండ్ల ముందట కొట్టెయ్యి. అప్పుడే సంతకం."

కొట్టేసిన. దేవుని పద్దు భాస్కరరావు సార్ తన చేత్తోనే దిద్దిండు, 'భక్తిశ్రద్ధలతో నిమజ్జనం చేయడమైనది' అని. కింద నేను ఒక నోట్ రాసిన: 'బాకీ మొత్తం మీటింగ్ దినమే వసూలైంది.' పటేల్ సంతకం కాయితం చినిగేటట్టు గీకిండు. ఫోన్‌తోని ఫొటోలు తీసి అప్‌లోడ్ చేసేసరికి ఐదు యాభై మూడు. ఏడు నిమిషాలు మిగిలినయ్. ఆ ఏడు నిమిషాలు అట్లనే గోడకు ఒరిగి పండుకున్న.

పాసైన! సర్టిఫికెట్ వచ్చింది. మేడం మాట తప్పలే, ఇంటర్వ్యూకు పిలిచింది. అకౌంట్స్ మేనేజర్ నా ప్రాజెక్ట్ తిరగేస్తున్నడు. ఏసీ గాలి మొఖానికి తాకుతున్నది, నాకు అప్పుడే నిద్రొస్తున్నది. ఆయన ఒక్కకాడ ఆగిండు.

"పదకొండు నెలల బాకీ. సగం డౌట్‌ఫుల్ అని రాసి కొట్టేశావు. మొత్తం ఒక్క రోజులో వసూలా? ఎట్లా చేశావ్?"

"నలుగురిల చదివి ఇనిపిచ్చినం సార్" అన్న.

మేనేజర్ మేడంను చూసిండు. మేడం మేనేజర్‌ను చూసింది. ఆ చూపుల అర్థం నాకు అప్పుడు సమజ్ కాలే. నౌకరీ ఇచ్చిండ్రు. అకౌంట్స్ సెక్షనే. జనరల్ షిఫ్టే. అన్నీ అడిగినట్టే.

పని ఏంది అంటరా? వసూళ్లు. కంపెనీకి పైసలు ఇయ్యాల్సిన పార్టీలు బొల్లారం నుంచి జహీరాబాద్ దాక ఉన్నరట, రెండేండ్ల సంది ఇస్తలేరట. "నువ్వైతేనే కరెక్ట్ మల్లేశం" అని బండికి పెట్రోల్ కార్డు ఇచ్చిండ్రు. పొద్దుగాల తొమ్మిదికి హెల్మెట్ పెడితే పొద్దుమీకినంక తీస్తున్న. హైవే మీద లారీల ఎనక, గుంతల మీద. తిరిగే కుర్చీ నాకు గూడ ఇచ్చిండ్రులే, దాని మీద నేను తెచ్చిన చెక్కుల ఫైల్ కూసుంటది, ఏసీల, చల్లగ.

రాత్రి నిద్ర అయితే పడుతున్నది. అది ఒప్పుకోవాలె. నడుము సంగతే అడగకుండ్రి. మొన్న డాక్టర్ ఎక్స్‌రే చూసి, "ఎప్పటి నుంచి ఇట్లుంది?" అన్నడు. "నేనైతే దాన్ని నా పుస్తకంలకెల్లి ఎప్పుడో తీసేసిన సార్" అన్న. స్క్రాప్ విలువ నిల్.